సైకిలే అడ్డం వచ్చిందట

"సైకిలు తొక్కేవాడు వెనకా ముందూ చూసుకోకుండా ఒక్కసారిగా రోడ్డు మధ్యకి వచ్చాడు. తప్పంతా అతనిదే. డ్రైవరు నిర్లక్ష్యం ఏమాత్రం లేదు."

ఈ మూడు వాక్యాలూ ఇంగ్లీషులో నేను ఎన్నిసార్లు టైపు చేశానో లెక్కలేదు. ప్లీడరు గుమాస్తాగా నాకిది ఇరవయ్యో ఏడు. విశాఖపట్నం సూర్యాబాగ్‌లో జిల్లా కోర్టుకి నడిచి వెళ్లేంత దూరంలో మా సార్ ఆఫీసు. మా దగ్గరికి వచ్చేవాటిలో సగానికి పైగా యాక్సిడెంటు కేసులే, కోర్టు వాడుకలో ఎం.వి.ఓ.పి.లు, అంటే బండి ప్రమాదాల్లో పరిహారం అడిగే పిటిషన్లు. దెబ్బలు తిన్నవాళ్ల తరఫున వేసే పిటిషన్లు కొన్ని, ఇన్సూరెన్సు కంపెనీల తరఫున వాటికి జవాబుగా వేసే కౌంటర్లు కొన్ని. కౌంటరు అంటే పాత ఫైలు తెరవడం, పేర్లూ తేదీ బండి నంబరూ మార్చడం, మిగతాది అలాగే ఉంచేయడం. ఆ మూడు వాక్యాలు ఎప్పుడూ మారేవి కావు. పోయినవాడు కూలీ అయినా, కాలేజీ కుర్రాడైనా, పాల ప్యాకెట్లు వేసే ముసలాయనైనా, మా ఫైళ్లలో అందరూ ఒక్కసారిగా రోడ్డు మధ్యకి వచ్చినవాళ్లే.

2024 కార్తీక మాసంలో ఒక సోమవారం పొద్దున్న ఆ మాట నా మొహం మీద ఒక మనిషి తెలుగులో అన్నాడు. అప్పటికి నేను తాటిచెట్లపాలెం ఇంకా రాకుండానే రోడ్డు అంచున పడి ఉన్నాను. సైకిలు నా ఎడమ కాలి మీద ఉంది. వెనక చక్రం ఇంకా తిరుగుతోంది.

సైకిలు మా ఇంటికి కొత్త కాదు. మా నాన్న షిప్‌యార్డులో వెల్డరు. కంచరపాలెం నుంచి సింధియా దాకా ముప్పై ఏళ్లు సైకిలు మీదే వెళ్లొచ్చాడు. షిఫ్టు వదిలే వేళకి గేట్లోంచి సైకిళ్లు గుంపులు గుంపులుగా వచ్చేవట, ఆ గుంపు దాటేదాకా లారీలే ఆగేవట. చిన్నప్పుడు అది గొప్పగా వినేదాన్ని. ఇప్పుడు అర్థమవుతోంది, నాన్నని కాపాడింది ఆ గుంపే. నేను 2021లో సైకిలు కొన్నాను. ముందు బుట్ట, వెనక క్యారియరు ఉన్న లేడీస్ సైకిలు. బుట్టలో టిఫిను డబ్బా, క్యారియరు మీద ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కేసు కట్టలు. ఊర్వశి జంక్షన్ దగ్గర హైవే ఎక్కి, ఐటీఐ జంక్షన్ దాటి, తాటిచెట్లపాలెం దగ్గర దిగి, రైల్వే న్యూ కాలనీ, దొండపర్తి, డాబా గార్డెన్స్ మీదుగా జగదాంబ. ఆ దారిలో నాకు గుంపు లేదు. ఎదురుపడితే చెయ్యెత్తే వాచ్‌మన్ ఒకాయన, క్యారియరుకి పెద్ద ఫ్లాస్కు కట్టుకుని టీ అమ్మే కుర్రాడు ఒకడు, అంతే.

ఆ రోజు ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్తాను. ఐటీఐ జంక్షన్ దాటగానే వెనక నుంచి హారన్. ఒకసారి కొట్టి ఊరుకోలేదు, చెయ్యి తీయకుండా కొడుతున్నాడు. నేను అంచుకి రెండడుగులు ఇవతల వెళుతున్నాను. కుడి పక్క ఖాళీ ఉంది, వెళ్లాలనుకుంటే వెళ్లిపోవచ్చు. తెల్ల కారు నా పక్కకి వచ్చింది. ఎడం వైపు కిటికీ దిగింది. "చెవుడా? పక్కకి తగలడొచ్చు కదా!" అన్నాడు. నేను చేత్తో ముందుకి వెళ్లమని సైగ చేశాను. అతను వెళ్లలేదు. కొంత దూరం నాతో సమానంగా నడిపాడు. తర్వాత స్టీరింగు ఎడమకి తిప్పాడు. చూసుకోక తిప్పింది కాదది. నన్ను చూస్తూనే తిప్పాడు. కారు ఎడం అద్దం నా హ్యాండిల్ కుడి కొసకి తగిలింది. హ్యాండిల్ ఒక్కసారి మెలి తిరిగిపోయింది, బెల్లు 'టింగ్' మని దానంతటదే మోగింది. ఆ చప్పుడు నాకింకా చెవుల్లో ఉంది, ఎందుకంటే దాని తర్వాత ఏ చప్పుడూ గుర్తు లేదు.

ఇడ్లీ బండి ఆవిడ పరిగెత్తుకొచ్చింది. "ఓలమ్మ, ఎంత దెబ్బ తగిలిందే తల్లీ" అంటూ సైకిలు ఎత్తింది. కారు కాస్త ముందు ఆగింది. అతను దిగాడు. ముప్పై ఏళ్లుంటాయేమో, మెళ్లో ఐడీ కార్డు. నా దగ్గరికి వస్తాడనుకున్నాను. అద్దం దగ్గర వంగి గీత పడిందేమో చూసుకున్నాడు. "నువ్వే అడ్డం వచ్చావు. తొక్కడం రానోళ్లకి రోడ్డెందుకు?" అని కారెక్కి వెళ్లిపోయాడు.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం దెబ్బ తగిలిన మనిషికి వైద్యం అందేలా చూడాల్సింది ఆ డ్రైవరే. పోలీసులకి కబురు చెప్పాల్సిందీ అతనే, 24 గంటల్లోపు. కాదని పోతే 187 కింద శిక్ష. ఆ సెక్షన్లు నాకు కంఠతా వచ్చు. మోచేతి నుంచి రక్తం కారుతుంటే ఒక్కటీ గుర్తు రాలేదు. ఫుడ్ డెలివరీ కుర్రాడు బండి ఆపి కారు నంబరు ఫోటో తీశాడు. తీశాక భయపడ్డాడు. "అక్కా, నన్ను సాక్ష్యానికి పిలుస్తారా? డ్యూటీ పోతుంది" అన్నాడు. సాయం చేసినవాణ్ని ఇబ్బంది పెట్టకూడదని 2019 సవరణలో 134ఎ అనే సెక్షన్ పెట్టారు. నీ పేరు చెప్పడం నీ ఇష్టం, బలవంతం లేదు అని చెప్పాను. ఫోటో వాట్సాప్‌లో పంపాడు. తర్వాత తనంతట తనే పేరు కూడా ఇచ్చాడు. ఆ బాబు చల్లగా ఉండాలి.

పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో నర్సమ్మ అరచేతిలో దిగిన రాళ్లు పటకారుతో ఒక్కొక్కటే తీసింది. తొమ్మిది. ఒక్కొక్కటీ స్టీలు గిన్నెలో పడినప్పుడల్లా చిన్న చప్పుడు. "ఏ బండమ్మా?" అని అడిగింది. చెప్పాను. ఎమ్మెల్సీ, అంటే పోలీసు కేసుకి పనికొచ్చే మెడికో లీగల్ కాగితం, రాయించారు. ఇది అందరూ గుర్తుంచుకోవాలి. దెబ్బ చిన్నదే కదా అని ఆర్ఎంపీ దగ్గర కట్టు కట్టించుకుని ఇంటికి పోతే రేపు కోర్టులో ఆ దెబ్బే లేదు. ఆసుపత్రిలో ఎమ్మెల్సీ రాస్తేనే వూండు సర్టిఫికెట్, అంటే గాయాల ధ్రువపత్రం, వస్తుంది. అది లేని ఫైళ్లు మా బీరువాలో ఎన్ని మూలుగుతున్నాయో నాకు తెలుసు.

ఇక స్టేషను. ఏ స్టేషనో చెప్పను. అక్కడ కేసులు రాసే రైటరు నా వయసువాడే, మర్యాదగానే మాట్లాడాడు. "సైకిలుకి కేసేటమ్మా? ఇన్సూరెన్సు కూడా ఉండదు కదా. ఆ అబ్బాయిని పిలిపించి రెండు వేలు ఇప్పిస్తాను, రాజీ పడిపోండి" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఊళ్లో చాలామంది అనుకుంటున్నదే ఆయనా అనుకుంటున్నాడు. సైకిలుకి ఇన్సూరెన్సు లేదు, లైసెన్సు లేదు, ఆర్సీ లేదు, కాబట్టి హక్కు కూడా లేదని. ఇది పూర్తిగా తిరగేసిన మాట. చట్టంలో మోటారు వాహనం అంటే యంత్రంతో నడిచేది. సైకిలు అందులోకి రాదు, అందుకే దానికి ఆ కాగితాలేవీ అక్కర్లేదు. 146వ సెక్షన్ కింద ఇన్సూరెన్సు కట్టాల్సింది మోటారు బండివాడు. ఎవరి కోసం కడతాడు? రోడ్డు మీద ఉన్న మూడో మనిషి కోసం. ఆ మూడో మనిషి సైకిలు తొక్కే నేనే. నా సైకిలుకి జరిగిన నష్టం కూడా అందులోంచే అడగొచ్చు.

ఇవన్నీ రైటరుగారికి నెమ్మదిగా చెప్పి, ఫిర్యాదు నేనే రాసిచ్చాను. రాసేటప్పుడు ఒక్క విషయంలో పట్టుబట్టాను. మామూలుగా స్టేషనులో "అతివేగంగా, నిర్లక్ష్యంగా వచ్చి గుద్దినాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గుద్దక ముందు ఏం జరిగిందో ఎవరూ రాయరు. నేను మొదటి నుంచి రాశాను. హారన్ ఎంతసేపు కొట్టాడు, కిటికీ దించి ఏమన్నాడు, ఎంత దూరం పక్కనే నడిపాడు, కుడి పక్క ఎంత ఖాళీ ఉంది, ఏ వైపుకి తిప్పాడు, దిగి ఏం చూసుకున్నాడు. ఒక పేజీన్నర వచ్చింది. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173 ప్రకారం ఫిర్యాదు ఏ స్టేషనులో ఇచ్చినా తీసుకోవాలి. తీసుకోకపోతే ఎస్పీ స్థాయి అధికారికి రాతపూర్వకంగా పంపొచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేటు. ఎఫ్.ఐ.ఆర్. కాపీ డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. అంత దూరం పోనక్కర్లేకపోయింది, కట్టారు. భారతీయ న్యాయ సంహితలో సెక్షన్లు 281 (నిర్లక్ష్యంగా బండి నడపడం), 125(ఎ) (దాంతో దెబ్బ తగిలించడం). ఇన్నేళ్లుగా నా వేళ్లకి అలవాటైనవి పాత ఐ.పి.సి.లోని 279, 337, 338. 2024 జూలై 1 నుంచి అవి మారిపోయి, ఆఫీసులో గోడకి పట్టిక అంటించుకుని కొత్తవి నేర్చుకుంటున్నాం. ఆ కొత్త సెక్షన్లతో మా ఆఫీసులో మొదటి కేసు నాదే అవుతుందని అనుకోలేదు.

ఆర్నెల్లకి అతను కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. రెండు సెక్షన్లకీ కలిపి మూడు వేల ఐదు వందలు జరిమానా కట్టాడు. 281కి గరిష్ఠం ఆరు నెలల జైలు లేదా వెయ్యి రూపాయలు, లేదా రెండూ. 125(ఎ)కి ఆరు నెలలు లేదా ఐదు వేలు, లేదా రెండూ. కాబట్టి లెక్క తప్పేమీ లేదు. కానీ నేను రాసిన పేజీన్నరలో ఆ మనిషి నన్ను చూస్తూ స్టీరింగు తిప్పాడన్న మాట ఉంది. కేసులో మిగిలింది మాత్రం 'నిర్లక్ష్యం'. చూసుకోకపోవడాన్ని కదా నిర్లక్ష్యం అంటారు. చూసి చేసినదానికి కూడా అదే పేరు పెడితే నాకు మనసు ఒప్పలేదు, ఇప్పటికీ ఒప్పదు.

నష్టపరిహారం పిటిషన్ మా సారే వేశారు, ఫీజు తీసుకోలేదు. సైకిలుకి వీలు బెండు తీయించి, హ్యాండిల్ మార్చి, బ్రేకు వైర్లు వేయించడానికి అయిన బిల్లు కూడా జతచేశాం. తర్వాత ఇన్సూరెన్సు కంపెనీ కౌంటరు వచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి చేతులు తుడుచుకుని కవరు చించాను. మూడో పేరా. పిటిషనరు వెనకా ముందూ చూసుకోకుండా ఒక్కసారిగా రోడ్డు మధ్యకి వచ్చింది. తప్పంతా ఆమెదే. డ్రైవరు నిర్లక్ష్యం ఏమాత్రం లేదు.

ఆ కాగితం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. అక్షరం పొల్లు పోకుండా నా వాక్యాలే. ఇంకో ఆఫీసులో ఇంకో గుమాస్తా పాత ఫైలు తెరిచి పేరు మార్చింది, అంతే. ఆమె మీద నాకు కోపం రాలేదు. నేను టైపు చేసిన కౌంటర్లు అందుకున్న ఇళ్లు గుర్తొచ్చాయి. భర్త పోయిన మనిషికి, 'నీ భర్తే అడ్డం వచ్చాడు' అని కోర్టు కాగితం మీద అచ్చు వేసి పంపింది నేను. సాయంత్రం సార్‌తో చెప్పాను. "సార్, ఈ మాటకి ఆధారం లేకపోతే ఇకమీద నేను టైపు చేయలేను." ఆయన వెంటనే ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత పిలిచి, "ముందు రఫ్ స్కెచ్ చదివి, ఎంవీఐ రిపోర్టు చూసి, ఉంటేనే రాద్దాం" అన్నారు. రఫ్ స్కెచ్ అంటే ప్రమాదం జరిగిన చోటుకి పోలీసులు గీసే పటం, ఎంవీఐ అంటే బండిని పరీక్షించే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. అప్పటి నుంచి మా ఆఫీసులో అలాగే జరుగుతోంది.

ఆ రఫ్ స్కెచ్‌లు చదవడం మొదలుపెట్టాక నాకు తెలిసిందేమిటంటే, సైకిలువాడు అంచుకి అతుక్కుని వెళ్లలేదనేదే చాలా కేసుల్లో అతని నేరం. ఎందుకు వెళ్లడో తొక్కేవాళ్లకి తెలుసు. అంచున ఇసుక ఉంటుంది, బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. కాలువ పలకల మధ్య సందు ఉంటుంది, ముందు చక్రం అందులో దిగితే మనిషి హ్యాండిల్ మీంచి ఎగిరి పడతాడు. ఆపిన ఆటో ఉంటుంది, కారు ఉంటుంది, దాని తలుపు ఏ క్షణాన తెరుచుకుంటుందో తెలియదు. మన ఊళ్లో పల్లాలు ఎక్కువ. హనుమంతవాక నుంచి దిగేటప్పుడు గానీ, ఎండాడ దగ్గర గానీ సైకిలు దానంతటదే స్కూటరంత వేగం అందుకుంటుంది, ఆ వేగంలో ఇసుక మీదికి వెళ్లమంటే చావమన్నట్టే. అంచుకి రెండడుగులు ఇవతల తొక్కడం పొగరు కాదు. అక్కడి నుంచి చూస్తేనే గుంత కనబడుతుంది, వెనకవాడికి మనం కనబడతాం.

మన ఊళ్లో సైకిలువాళ్లు రెండు రకాలు. తెల్లవారుజామున హెల్మెట్లు పెట్టుకుని, వెనక ఎర్ర లైట్లు మెరిపించుకుంటూ రుషికొండ మీదుగా భీమిలి దాకా వెళ్లొచ్చేవాళ్లు. వాళ్లు మంచి పని చేస్తున్నారు, వాళ్లకి జరిగిన ప్రమాదం పేపర్లో వస్తుంది, రావాలి కూడా. రెండో రకం కాన్వెంట్ జంక్షన్‌లో పోర్టు లారీల మధ్య, గాజువాక, కూర్మన్నపాలెం వైపు షిఫ్టుల వేళ, మధురవాడలో అపార్టుమెంట్లు కట్టే చోట కనిపిస్తారు. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చిన మేస్త్రీలు, రాత్రి కాపలా వాళ్లు. లైటు ఉండదు, మడ్‌గార్డు మీద రిఫ్లెక్టరు ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది. మా ఆఫీసుకి వచ్చే ఫైళ్లు దాదాపు అన్నీ వీళ్లవే.

కిందటేడు ఒకావిడ వచ్చింది, పలాస దగ్గర పల్లె. రాత్రి డ్యూటీకి సైకిలు మీద వెళుతున్న భర్తని ఏదో లారీ కొట్టేసి పోయింది. నంబరు ఎవరూ చూడలేదు. బండి దొరకలేదు కాబట్టి ఏమీ రాదని ఎవరో చెప్తే నమ్మి ఊరికి వెళ్లిపోయింది. బండి దొరకకపోయినా మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద చనిపోతే రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు ఇస్తారు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం అది. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు, బ్యాంకు పుస్తకం పెట్టి దరఖాస్తు చేస్తే రెవెన్యూ అధికారి విచారణ చేసి కలెక్టరుకి పంపుతారు. అర్జీ నేనే నింపాను. రెండు లక్షలు ఒక మనిషికి ఖరీదు కాదు. కానీ ఆమెకి అదీ తెలియదు, చెప్పాల్సినవాళ్లు చెప్పలేదు. బండి దొరికిన కేసులో అయితే 166 కింద ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్‌కి వెళ్లాలి, దానికి ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో సవాలు నడుస్తోంది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. దినవారాలు అయ్యాక వెళ్దాంలే, పంటలు కోశాక వెళ్దాంలే అనుకుంటూ నెలలు దాటించేస్తారు. నంబరు ప్లేటు ఫోటో తీసినవాళ్లు ఆ ఫోన్లోంచి దాన్ని తీసేయొద్దు. కోర్టులో చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అసలు ఫోటో ఉంటేనే ఇబ్బంది లేకుండా ఉంటుంది.

ఇదంతా పడ్డాక పనికొచ్చే చట్టం. నన్ను తొలిచేసేది పడకముందు సంగతి. ఆ కారు అద్దం నా హ్యాండిల్‌కి ఒక్క బెత్తెడు దూరంలో నుంచి వెళ్లిపోయి ఉంటే? రోజూ అలాగే వెళ్తున్నాయి. బెదిరిపోయి, గుండె దడదడలాడుతూ కాసేపు సైకిలు దిగి నిలబడతాం. రక్తం లేదు, ఎమ్మెల్సీ లేదు, అంటే ఏమీ జరగనట్టే. స్టేషనుకి వెళితే 'తగల్లేదు కదమ్మా' అంటారు.

చట్టం పూర్తిగా మూగదేం కాదు. 2017 డ్రైవింగు రెగ్యులేషన్లలో పాదచారులు, సైకిలు తొక్కేవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు, వికలాంగుల విషయంలో బండి నడిపేవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్త తీసుకోవాలని ఉంది. అది తప్పితే మోటారు వాహనాల చట్టం 177ఎ కింద 500 నుంచి వెయ్యి రూపాయల జరిమానా. 184లో ప్రమాదకరమైన డ్రైవింగు అంటే ఏమిటో 2019లో విడమర్చి రాశారు. చట్టానికి విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయడం అందులో ఉంది. మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల జరిమానా, లేదా రెండూ. ఊరికే హారన్ మోగించినందుకు కూడా 194ఎఫ్ కింద వెయ్యి రూపాయలు. ఇన్ని ఉన్నా, సైకిలుని దాటేటప్పుడు ఎంత దూరం ఉంచాలో కొలతలో ఎక్కడా లేదు. 'జాగ్రత్త' అనే మాటని రోడ్డు మీద ఎవరు కొలుస్తారు? నా లెక్కలో జాగ్రత్త ఒకటి, ఆ తెల్ల కారు అబ్బాయి లెక్కలో ఇంకొకటి.

జర్మనీలో 2020 నుంచి ఊళ్లో ఒకటిన్నర మీటరు, ఊరి బయట రెండు మీటర్లు అని రాసేశారు. కాలిఫోర్నియాలో 2014 నుంచి మూడడుగులు. అదే కాలిఫోర్నియాలో లాస్ ఏంజెలెస్ నగరం 2011లో ఇంకో అడుగు ముందుకేసింది. సైకిలు తొక్కుతున్నందుకు ఎవరైనా బెదిరించినా, రోడ్డు మీంచి తోసేయబోయినా, కొట్టబోయినా, పోలీసు కేసు కట్టేదాకా ఆగకుండా బాధితుడే సివిల్ దావా వేసుకోవచ్చు. నష్టానికి మూడు రెట్లు లేదా వెయ్యి డాలర్లు, ఏది ఎక్కువైతే అది, ప్లీడరు ఫీజుతో సహా. దెబ్బ తగలడాన్ని కాకుండా బెదిరించడాన్నే తప్పుగా చూసిన చట్టం అది. మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. ఆ పేజీన్నర రాసినప్పుడు నేను అడిగింది ఇదే కదా అనిపించింది.

ఇప్పుడే ఇదంతా రాయడానికి కారణం ఉంది. కోయంబత్తూరు ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్ 2012లో రోడ్డు భద్రత మీద వేసిన పిటిషన్‌లో సుప్రీంకోర్టు 2025 అక్టోబరు 7న ఒక ఉత్తర్వు ఇచ్చింది. మోటారు లేని బండ్ల గురించీ, నడిచేవాళ్ల గురించీ మోటారు వాహనాల చట్టం 138(1ఎ) కింద, రోడ్లు ఎలా కట్టాలో 210డి కింద ఆరు నెలల్లో నియమాలు రాయమని రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. మంచి మాట. కానీ 138(1ఎ) చదివితే నాకు భయం కూడా వేస్తోంది. సైకిళ్లు, పాదచారులు రోడ్ల మీదికి, జాతీయ రహదారుల మీదికి రావడాన్ని 'క్రమబద్ధం చేయడం' అని ఉంది అందులో. రాసేవాళ్లు ఎటు కావాలంటే అటు లాగొచ్చు. సైకిలుకి చోటు ఇవ్వాలని రాయొచ్చు. సైకిలు హైవే ఎక్కకూడదని కూడా రాయొచ్చు. మా కంచరపాలెం నుంచి నేను ఊళ్లోకి వచ్చే దారి ఆ హైవేనే. దాని మీద వద్దంటే మేస్త్రీ, వాచ్‌మన్, నేను ఎటు నుంచి రావాలి? ఆ మూడు వాక్యాల్లాగే నియమాలు కూడా పాత ఫైలు తెరిచి రాసేస్తారేమోనని నా బెంగ.

అందుకే 2025 డిసెంబరులో వినతిపత్రం ఒకటి తయారు చేశాను. ఒకటిన్నర మీటరు అంకెల్లో రాయమని, తగలకపోయినా ఫోటోతో ఫిర్యాదు ఇస్తే తీసుకునేలా చేయమని, హైవే మీద సైకిలుకి పక్కదారి కట్టకుండా హైవే మూయొద్దని. రాస్తుండగా మా అబ్బాయి, పదో తరగతి, "అమ్మా, ఒకటిన్నర మీటరంటే ఎంత?" అన్నాడు. మా అత్తగారు బట్టలు కుడతారు. ఆవిడ మెళ్లో ఎప్పుడూ ఉండే టేపు తీసి ఇచ్చాను. ఒక పక్క 60 అంగుళాలు, రెండో పక్క 150 సెంటీమీటర్లు. దర్జీ టేపు పొడవే ఒకటిన్నర మీటరు.

సందులో సైకిలు నిలబెట్టి కొలిచాం. అంచు నుంచి చక్రానికి 60 సెంటీమీటర్లు. నా హ్యాండిల్ కుడి కొస అంచు నుంచి 90. అక్కడి నుంచి టేపు పూర్తిగా పరిచాం. రెండు మీటర్ల 40 అయింది. కారు వెడల్పు ఇంకో మీటరూ డెబ్భై వేసుకుంటే నాలుగు మీటర్లు దాటింది. హైవేలో ఒక లేను వెడల్పు మూడున్నర మీటర్లు. అంటే సైకిలుని దాటాలంటే కారు పక్క లేనులోకి వెళ్లి దాటాల్సిందే, ఇంకో కారుని దాటేటప్పుడు చేసినట్టే. అదే లేనులో ఇరుక్కుని దాటడానికి చోటే లేదు. వాడు లెక్క కాగితం మీద వేసి చూపించాడు. ఆ కాగితం కూడా వినతిపత్రానికి జతచేశాను.

సోమవారం కలెక్టరేటులో పి.జి.ఆర్.ఎస్., అంటే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక, అర్జీలు తీసుకుంటారు. పొద్దున్నే సైకిలు మీదే వెళ్లాను. వరసలో భూమి తగాదాలు, పింఛన్లు, కాలువల అర్జీలు. నా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. కంప్యూటరు ముందు కూర్చున్న అబ్బాయి కాగితాలు తిరగేశాడు. స్టేపుల్ చేసి ఉన్న కవర్లోంచి చుట్టిన టేపు జారి టేబుల్ మీద పడింది.

"ఇదేంటి మేడమ్?"

"ఒకటిన్నర మీటరండి. ఎంత ఉంటుందో చూడటానికి పెట్టాను."

అతను టేపు ఒక కొస టేబుల్ అంచుకి ఆనించి విప్పుకుంటూ వెళ్లాడు. టేబుల్ అయిపోయింది, ఇంకా కాస్త మిగిలింది. పక్క కుర్చీలో ఆవిడ రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "ఇంతేనా మేడమ్, అడుగుతున్నది?" అన్నాడు. ఇంతేనండీ అన్నాను. టేపుని మళ్లీ జాగ్రత్తగా చుట్టి కవర్లో పెట్టి, అర్జీ మీద ముద్ర వేసి, నంబరు రాసి రసీదు నా చేతికిచ్చాడు.